ఇనుప నత్తగుల్ల

పూర్వం ఊరికొక కమ్మరి కొలిమి ఉండేది. కొలిమిలో బొగ్గులు ఎన్ని పోసినా తిత్తి ఊదనిదే ఇనుము ఎర్రబడదు. తిత్తి ఒత్తినకొద్దీ నిప్పు రగులుతుంది. నిప్పు రగిలినకొద్దీ ఇనుము మెత్తబడి సుత్తికి లొంగుతుంది. నిప్పుకు ఆహారం కట్టె అనీ, బొగ్గు అనీ మనం అనుకుంటాం గాని, దాని అసలు ఆకలి గాలి మీదనే. ఈ సంగతిని కమ్మరికి ఏ పాఠశాలలోనూ ఎవరూ బోధించలేదు. అతని చేతికి తెలుసు.

మోటారు కారులోని ఇంజను కూడా ఒక కొలిమే. అయితే ఈ కొలిమి ఇనుప గోడల నడుమ బందీ అయి, నిమిషానికి కొన్ని వేలసార్లు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా దహనం కావాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. గాలికి బరువేమిటని నవ్వేవారు ఉండవచ్చు. ఆ 15 కిలోల గాలి 12 ఘనపు మీటర్లకు పైగా చోటును ఆక్రమిస్తుంది. అనగా ఇంట్లోని సామాన్ల గది అంతా నిండే గాలి అన్నమాట. పెట్రోలును ఎక్కువగా పంపడం సులభమే. పంపు కాస్త పెద్దదైతే చాలును. గాలిని ఎక్కువగా పంపడమే కష్టం. పిస్టను కిందికి దిగినప్పుడు ఏర్పడిన ఖాళీలోకి అది తనంత తానుగా రావాలి. వచ్చిన గాలి ఎంతో, పుట్టే శక్తి అంత. ఇంతకు మించి కావాలంటే ఇంజనునే పెద్దది చేయాలి. లేదా దానికొక తిత్తి కట్టాలి.

ఆ తిత్తి పేరే టర్బోచార్జర్. మన మెకానిక్కులు ముద్దుగా ‘టర్బో’ అంటారు.

దీనిని తొలుత ఊహించినవాడు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి. ఇంజనులో మండే ఇంధనపు వేడిలో దాదాపు మూడోవంతు పొగగొట్టం గుండా ఆకాశంలో కలిసిపోవడం అతనికి గిట్టలేదు. పారవేసే వస్తువులో పనికివచ్చేది ఉన్నదని గుర్తించడం కూడా ఒక ప్రతిభయే. బయటికి పోయే వేడిపొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో కొసన మరొక చక్రాన్ని అమర్చి, దానితో కొత్త గాలిని అదిమి ఇంజనులోకి తోయవచ్చునని అతడు 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన పుట్టడానికి ఎంత కాలం పట్టిందో తెలియదు గాని, అది ఫలించడానికి మాత్రం ఇరవై సంవత్సరాలు పట్టింది. 1925లో ఒక డీజిల్ ఇంజను శక్తిని 40 శాతానికి పైగా పెంచి చూపించిన తరువాతనే లోకం అతని మాట విన్నది.

ఈ నడుమ అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజనీరు చేసిన పరీక్ష ఒకటి నాకు చాలా ఇష్టం. విమానం పైకి పోయినకొద్దీ గాలి పలచబడి ఇంజను నీరసిస్తుంది. ఆ నీరసానికి టర్బో మందు కాగలదా అని తేల్చుకోవడానికి ఆయన 1918లో కొలరాడోలోని పైక్స్ పీక్ అనే కొండ మీదికి, 14,000 అడుగులకు మించిన ఎత్తుకు, ‘లిబర్టీ’ అనే పెద్ద విమానపు ఇంజనును తీసుకొనిపోయాడు. గాలిలోకి ఎగరకుండానే ఆకాశపు గాలిని వెతుక్కుంటూ పోయాడన్నమాట! సముద్రమట్టం వద్ద ఇచ్చినంత శక్తినే ఆ కొండకొమ్మున కూడా ఇంజను ఇచ్చింది.

కార్లలోకి టర్బో రావడానికి మరి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. 1962లో అమెరికాలో ‘ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్’ అనే కారు వచ్చింది. అదిమిన గాలి వేడెక్కి, ఇంజనులో పెట్రోలు అకాలంగా పేలకుండా ఉండేందుకు నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని ఒక తొట్టిలో పోస్తూ ఉండాలి. పోయడం చాలామంది మరచిపోయేవారు. చివరికి ఎందరో యజమానులు టర్బోను ఊడదీయించి మామూలు కార్బురేటరు పెట్టించుకున్నారట. యంత్రం ఎంత గొప్పదైనా మనిషి మతిమరుపును లెక్కలోకి తీసుకోకపోతే ఇంతే.

ఇక నత్తగుల్ల సంగతి. టర్బోను చూసినవారికి మొట్టమొదట స్ఫురించేది నత్తయే. ఇరుసుకు రెండు వైపులా రెండు గుల్లలు. గాలి పక్కనున్నది అల్యూమినియం గుల్ల. పొగ పక్కనున్నది పోత ఇనుప గుల్ల. వీటినే ‘హౌసింగ్’ అంటారు. పైకి చూస్తే అవి లోపలి చక్రాలకు వట్టి తొడుగులని అనిపిస్తుంది. నిజానికి టర్బో స్వభావాన్ని నిర్ణయించేది చాలావరకు ఆ ఇనుప గుల్లే.

గొట్టంతో తోటకు నీరు పెట్టేటప్పుడు కొసను బొటనవేలితో నొక్కితే నీటిధార సన్నబడి దూరానికి చిమ్ముతుంది. నీరు పెరగలేదు, వేగం పెరిగింది. ఇనుప గుల్ల కూడా చేసేది ఇదే. లోపలి దారి చుట్టు తిరుగుతూ క్రమక్రమంగా సన్నబడి, పొగను వేగంగా చక్రం రెక్కల మీదికి విసురుతుంది. దారి ఇరుకైతే ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడే చక్రం అందుకొంటుంది. కాని వేగం హెచ్చినప్పుడు అంత పొగా ఆ ఇరుకులో నుంచి పోలేక ఇంజనుకు ఊపిరాడదు. దారి వెడల్పైతే పైవేగంలో హాయిగా ఉంటుంది. కాని కాలు నొక్కిన తరువాత టర్బో మేలుకొనేదాకా డ్రైవరు ఎదురుచూడాలి. దారి వైశాల్యానికీ, చక్రం నడిబొడ్డు నుంచి ఆ దారి నడిమికి గల దూరానికీ ఉన్న నిష్పత్తితో ఈ స్వభావాన్ని కొలుస్తారు. రెండు సుఖాలూ ఒకే గుల్లలో దొరకవు. గుల్లను మార్చేవాడు ఏదో ఒకదానిని వదులుకోవడానికి సిద్ధపడి రావాలి.

ఇవన్నీ పుస్తకాల ద్వారా నాకు తెలుసు. ఇంజనీరింగు కళాశాలలో పిల్లలకు బోధించాను కూడా. అయితే ఆ గుల్ల మీద చేయి పడటం ఎలా ఉంటుందో విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రీ వద్ద చూశాను.

నా పూర్వవిద్యార్థి ఒకడు పెట్రోలు టర్బో కారు కొన్నాడు. ఉన్నది చాలదన్న కోరిక ఆ వయసుకు సహజం. ముందుగా సైలెన్సరు గొట్టం తీయించి వెడల్పైనది పెట్టించాడు. తరువాత ఇంజను కంప్యూటరులోని లెక్కలు మార్పించాడు. కారు ఉత్సాహంగా ఉరికింది. కాని వేగం పెంచినప్పుడల్లా ఒక చోట హఠాత్తుగా, ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగినట్లు ఆగేది. ఎందుకో తేల్చమని నా దగ్గరకు వచ్చాడు. వాడిని వెంటబెట్టుకొని మేస్త్రీ వద్దకు వెళ్ళాను.

మేస్త్రీ పెద్దగా చదువుకొన్నవాడు కాదు. అరవై ఏళ్ళు దాటిన మనిషి. కారుకు పీడనం చూపే ముల్లు తగిలించి, మమ్మల్ని ఎక్కించుకొని ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. నిలబడవలసిన ముల్లు నిలబడలేదు. 0.9 బార్ వద్ద ఆగవలసినది 1.3 దాకా పాకింది. అంతటితో కంప్యూటరు భయపడి పెట్రోలు ఆపివేస్తున్నది.

“బాబూ, మీ ఊళ్ళో చెరువు ఉందా?” అని అడిగాడు మేస్త్రీ.

“ఉంది బాబాయ్.”

“చెరువు నిండితే నీళ్ళు ఎటు పోతాయి?”

“అలుగు మీంచి.”

“నువ్వు వాగును వెడల్పు చేయించావు. అలుగును అలాగే వదిలేశావు. మరి కట్ట తెగదా?”

ఇంతకంటె చక్కగా నేను తరగతిలో ఏనాడూ చెప్పలేదు. ఇనుప గుల్ల పక్కన ఒక రంధ్రం, దానికొక చిన్న మూత ఉంటాయి. కావలసినంత పీడనం రాగానే ఆ మూత తెరుచుకొని, మిగులు పొగ చక్రాన్ని తాకకుండా పక్కదారిన బయటికి పోతుంది. అదే టర్బోకు అలుగు. వెనుక గొట్టం వెడల్పయ్యేసరికి చక్రం వెనుక అడ్డు తగ్గింది. పొగ మరింత ఆత్రంగా చక్రం గుండా పోసాగింది. రంధ్రం పూర్తిగా తెరుచుకొన్నా మిగులును మోయలేకపోతున్నది. చక్రం ఆగదు, పీడనం ఆగదు.

కుర్రవాడు సందేహిస్తూ జేబులోంచి ఒక చిన్న పెట్టె తీశాడు. మిత్రుడెవరో ఇచ్చాడట. దానిని తీగల మధ్య కలిపితే పీడనం ఎంత పెరిగినా కంప్యూటరుకు 0.9 అనే చెబుతుందట. కంప్యూటరు పెట్రోలు ఆపదు. ఖర్చు స్వల్పం, పని అరగంట.

మేస్త్రీ ఆ పెట్టెను వేళ్ళతో తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. “జ్వరం తగ్గించమని వస్తే థర్మామీటరు మార్చమంటున్నావు” అన్నాడు.

అతని మాటలో అతిశయోక్తి లేదు. అదిమిన గాలి వేడెక్కుతుంది. హద్దు దాటితే నిప్పురవ్వ పడకముందే, లేక పడిన తరువాత అదుపు తప్పి, ఇంధనం పేలుతుంది. పిస్టను నెత్తి మీద సుత్తి దెబ్బల వంటి దెబ్బలు పడతాయి. అలా కొంతసేపు సాగితే అల్యూమినియం పిస్టను కరిగి చిల్లు పడటం కద్దు. అదీ గంటకు నూరు కిలోమీటర్ల వేగంలో, పక్కన ఎవరో కూర్చొని ఉన్నప్పుడు జరగవచ్చు. ఆ కారులో వాడి చెల్లెలిని ప్రతిదినం కళాశాలకు దించుతాడని నాకు తెలుసు.

అలుగును వెడల్పు చేయడమొక్కటే మార్గమన్నాడు మేస్త్రీ. అయితే రెండు షరతులు పెట్టాడు. కారుతో వచ్చిన గుల్లను ముట్టుకోనన్నాడు. పాత సామాన్ల కొట్లో అదే రకం గుల్ల ఇంకొకటి వెతికి తెమ్మన్నాడు. ఆ గుల్లతో కారును రేసు ట్రాకు మీద తప్ప నడపనని నా ఎదుట మాట ఇమ్మన్నాడు. రెండో షరతులో న్యాయమూ ఉంది, చట్టమూ ఉంది. కంపెనీ నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దానినే గట్టిగా చెప్పింది. అదే ఏడు చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఈ చట్టం కుర్రకారుకు చాదస్తంగా కనిపిస్తుంది. నాకలా కనిపించదు. రోడ్డు మీద నడిచేవారెవరూ మన ప్రయోగంలో పాలుపంచుకొంటామని సంతకం చేయలేదు కదా!

వారం దినాల తరువాత పాత గుల్ల దొరికింది. తుప్పు పట్టి, మసిబారి, చేతిలోకి తీసుకోగానే అరచేయి నల్లబడింది. మేస్త్రీ దానిని శుభ్రం చేసి ముందుగా పగుళ్ళ కోసం చూశాడు. పెట్రోలు ఇంజను పొగ వేడి 900 డిగ్రీలు దాటడం మామూలే. ఎర్రగా కాలి చల్లారుతూ ఉండే ఇనుములో రంధ్రానికీ చక్రానికీ నడుమనున్న పలుచని గోడ మొదట పగులుతుంది. వెంట్రుకవాసి పగులు ఒకటి కనిపించింది. గోరుతో గీకి, భూతద్దంతో చూసి, అది పైపొరలోనిదేనని తేల్చుకొనేదాకా మేస్త్రీ లేత్ దగ్గరకు పోలేదు.

రంధ్రం కొలిస్తే 23 మిల్లీమీటర్లు. దాని మూత 30. మేస్త్రీ 26 దాకా పెంచుతానన్నాడు. “28 చేయకూడదా?” అని కుర్రవాడు ఆశగా అడిగాడు. మూత రంధ్రం అంచు మీద కూర్చోవడానికి చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల అరుగు ఉండాలని, లేకపోతే మూత సరిగా మూసుకోక పొగ ఎల్లవేళలా కారిపోయి, మెల్లగా పోయేటప్పుడు టర్బో నిద్రపోతుందని మేస్త్రీ చెప్పాడు. మూడు మిల్లీమీటర్లేనా అని వాడి మొగం చిన్నబోయింది. అప్పుడు నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 23 వర్గం 529. 26 వర్గం 676. దారి దాదాపు 28 శాతం పెరిగింది. బీజగణితం ఎందుకు పనికివస్తుందని అడిగే పిల్లలకు ఆ గుల్లను చూపించాలనిపించింది.

బోరింగు పని పావుగంటలో ముగిసింది. మిగిలిన పనికే ఒక పూట పట్టింది. పొగ వచ్చే వైపున రంధ్రపు అంచును చేతి గ్రైండరుతో ఏటవాలుగా నున్నగా చేశాడు. పొగ మూల తిరిగేటప్పుడు తడబడకుండా ఉండాలట. తరువాత వాల్వులు నూరే పేస్టు పూసి మూతను అరుగు మీద అటూ ఇటూ తిప్పుతూ నూరాడు. పలుచగా నీలంరంగు పూసి మూసి తెరిచి చూశాడు. రంగు చుట్టూ సమంగా అంటేదాకా, నాలుగుసార్లు అలా చేశాడు.

అతడు నూరుతున్నంతసేపూ మాకు పని లేదు. కాలక్షేపానికని టయోటా కంపెనీ కథ చెప్పాను. 1995లో ప్రపంచ ర్యాలీ పోటీలలో ఒక నిబంధన ఉండేది. టర్బోలోకి పోయే గాలి అంతా 34 మిల్లీమీటర్ల వలయం గుండానే పోవాలి. గాలి ఎంత తొందరపడినా ఇరుకు మెడ వద్ద ధ్వని వేగాన్ని మించలేదు. కాబట్టి ఆ వలయం ఉన్నంతవరకు ఇంజను శక్తికి ఒక హద్దు ఉంటుంది. ఆ ఏడాది అక్టోబరులో స్పెయిను దేశపు కాటలూన్యా ర్యాలీలో తనిఖీదారులు టయోటా సెలికా కార్ల టర్బోలను విప్పి చూశారు. అక్కడ ఒక అద్భుతం బయటపడింది. గాలి గొట్టాన్ని ప్రత్యేకమైన పనిముట్టుతో బిగిస్తే లోపల దాగిన స్ప్రింగు బిళ్ళల మీద వలయం 5 మిల్లీమీటర్లు జరిగి, దాని పక్కనుంచి దొంగదారి తెరుచుకొనేది. తనిఖీ కోసం గొట్టాన్ని ఊడదీయగానే వలయం ఏమీ ఎరగనట్లు యథాస్థానానికి వచ్చేది. పైకి ఏ గుర్తూ లేదు. పోటీల సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ సైతం ఆ యుక్తిని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. మెచ్చుకొంటూనే శిక్ష వేశారు. జట్టుకు ఆ ఏడాది వచ్చిన పాయింట్లన్నీ పోయాయి. పన్నెండు నెలలు పోటీల నుంచి బహిష్కరించారు. డ్రైవర్లకు ఈ సంగతి తెలుసుననడానికి ఆధారం లేదన్నారు. అయినా వారి పాయింట్లు కూడా పోయాయి. నన్ను అన్నిటికంటె బాధించేది ఇదే. చక్రం పట్టినవాడికి తన ఊపిరి ఎక్కడిదో తెలియలేదు.

మేస్త్రీ నూరడం ఆపి, “ఆ స్ప్రింగు బిళ్ళలు ఎట్లా అమర్చారు మాష్టారూ?” అని అడిగాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపాను. చాలాసేపు తదేకంగా చూశాడు. అతని కన్నులలో మెరుపును దాచుకోలేదు.

“అబ్బ! ఏం పనివాళ్ళు మాష్టారూ! ఇంత పనితనం ఉండి దాన్ని ఎవరికీ చూపించుకోలేకపోయారే, పాపం” అన్నాడు.

ఆ కంపెనీ 1997లో కరోలా కారుతో మళ్ళీ ర్యాలీలకు వచ్చి 1999లో తయారీదారుల విజేతగా నిలిచింది. 1998లో మాత్రం ఆఖరి పోటీ ఆఖరి అంకంలో, గమ్యానికి కొన్ని వందల మీటర్ల దూరంలో కార్లోస్ సైన్జ్ కారు ఆగిపోయి ప్రపంచ విజేత పదవి చేజారింది. ఇది చెప్పగానే కుర్రవాడు మొదటిసారి నవ్వాడు.

గుల్లను కిరోసిన్‌లో మూడుసార్లు కడిగారు. గాలి గొట్టంతో ఊది, లోపలి మలుపులో అయస్కాంతం తిప్పి, ఇనుప రజను అంటుకొంటున్నదేమో చూశారు. టర్బో చక్రం నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో ఆవగింజంత రజను తగిలినా రెక్క విరుగుతుంది. నాలుగోసారి కూడా కడగమని మేస్త్రీ తన కుర్రవాడికి పురమాయించాడు.

కొన్నాళ్ళకు చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకు ఆ కారు లారీ మీద వెళ్ళింది. ముల్లు 0.9 దాటి కొద్దిగా ఊగి, 0.95 వద్ద నిలబడిందని మా విద్యార్థి ఫోను చేశాడు. పెట్టె సంగతి అడిగాను. మిత్రుడికి తిరిగి ఇచ్చేశానన్నాడు. కారును ఇంటికి తెచ్చాక పాత గుల్లనూ, పాత గొట్టాన్నీ, పాత లెక్కలనూ మళ్ళీ పెట్టించుకొన్నాడు. మార్చిన గుల్ల ఇప్పుడు వాడి గదిలో అలమరలో ఉంది.

ఆనాడు గుల్లను చేతికిచ్చే ముందు మేస్త్రీ చేసిన పని ఒకటి చెప్పవలసి ఉంది. చిన్న సుత్తి, అంకెల పంచులు తీసుకొని, బోల్టులు బిగించే అంచు మీద, తేటగా కనిపించే చోట, ‘26’ అని కొట్టాడు. ఎందుకని కుర్రవాడు అడిగాడు.

“రేపు దీన్ని నేనే విప్పుతానా ఏమిటి, బాబూ? ఎవరు విప్పినా వాళ్ళకు తెలియాలి కదా” అని, పంచులను నూనెగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టుకొన్నాడు.